ముందు నడిచే జోజమ్మ

ఎర్రవాగు
22-6-1987

అన్నకు, ఆరోగ్యం వదినకు జోజమ్మ రాస్తున్నది.

మరియమాత దయవల్ల నేను బాగనే ఉన్న. వానలు పడ్డంక భద్రాచలం బస్సు క్రాస్‌రోడ్డు కాడనే ఆగిపోతున్నది. అక్కడి నుంచి మా సబ్ సెంటరుకు నాలుగు మైళ్ళు నడక. టపా మనిషి వారానికి రెండుసార్లే వస్తున్నడు. నా ఉత్తరం ఆలస్యమైతే కంగారు పడకున్రి.

పక్క సెంటరు నర్సు బదిలీ చేయించుకొని పోయింది. కొత్తామె వచ్చేదాక ఆ ఊళ్ళు కూడ నువ్వే చూడమన్నడు డాక్టరు. ఆరు ఊళ్ళు పదకొండైనయ్. సరే అన్న. పని చెప్పినోళ్ళకు కాదనొద్దని నువ్వు చిన్నప్పటి నుంచి చెప్తుంటవు కద. పొద్దున ఏడింటికి బయలెల్లి పొద్దు గూకే యాళ్ళకు తిరిగొస్తున్న. నడుస్తనే అటుకులు నములుతున్న. నడుస్తనే ఏ పిల్లకు ఏ టీకా పడాల్నో మనసుల వల్లె వేసుకుంటున్న.

ఇక్కడ పున్నమ్మ అని ముసలి మంత్రసాని ఉంది. మొదట్ల నాతోటి ఊళ్ళకు వచ్చేది. నాలుగడుగులేసి నిలబడుతది. ఎవరన్న ఎదురైతే మంచిచెడ్డ మాట్లాడుతది. ఆమెతోటైతే రోజుకు రెండు ఊళ్ళు కూడ కావు. అందుకని నువ్వు సెంటరు కాడ ఉండమన్న. "నీ కాళ్ళు నీయి బిడ్డా" అన్నది అంతే.

ఒక ముచ్చట చెప్త, నవ్వొద్దు. మొన్న బండలగుంపుకు పోయిన. అది నాకు కొత్త ఊరు, అంతకు ముందు ఎన్నడు పోలేదు. పోంగనే ఒక బాలింత, "మళ్ళ వచ్చినవా సిస్టరమ్మా? నిన్న వచ్చి పోతివి కద" అన్నది. నేను కాదంటే నా మొకం దిక్కు చూసి పిల్లనెత్తుకొని లోపలికి పోయింది.

చిన్నపిల్ల రోజీకి జలుబు తగ్గిందా?

నీ చెల్లె
జోజమ్మ

*

కొత్తగూడెం
3-7-1987

చెల్లె జోజమ్మకు అన్న ఆంథోని దీవెనలు.

నీ ఉత్తరం చర్చి కాడ మనోళ్ళందరికి చదివి వినిపించిన. పదకొండు ఊళ్ళంటే మాటలు కాదు. ఫాదరు గారు కూడ మెచ్చుకున్నడు. ఎంత చేస్తే అంత పేరు. పైవాళ్ళ కండ్ల పడితే సూపర్‌వైజరు పోస్టు నడుచుకుంట వస్తది.

నేను కూడ ఊకె కూర్చోలేదు. మా బొగ్గుబాయిల మనుషులు తక్కువ ఉన్నరని నెలల పది పన్నెండు రోజులు డబల్ డ్యూటీ చేస్తున్న. ఒక షిఫ్టు దిగి పైకొచ్చి, చాయ్ తాగి, మళ్ళ బొగ్గులకు దిగుడు. అలవాటైతే ఏమనిపించదు. మీ వదిన గులుగుతది గని, ఆమెకు గులుగుడు అలవాటే.

ఇగ ఆ బాలింత మాట. అడవోళ్ళకు నిన్న అంటే పోయిన వారమైనా నిన్ననే, పోయినేడైనా నిన్ననే. పాత నర్సును చూసి నువ్వనుకున్నది. దానికి నువ్వు పరేషాన్ కావద్దు.

రోజీ జలుబు పోయింది. కొత్త సైకిలు కావాల్నని ఏడుస్తున్నది, కాళ్ళు పెడలుకు అందవు.

నీ అన్న
ఆంథోని

*

ఎర్రవాగు
26-8-1987

అన్నా,

ఈ ఉత్తరం నువ్వొక్కనివే చదువు. ఎవరికి వినిపించకు.

ఈ నెల పదిహేడో తారీకు నాకు జ్వరం. పొద్దటి నుంచి సాయంత్రం దాక లోపల గడియ పెట్టుకొని పండుకున్న. పున్నమ్మ రెండుసార్లు తలుపు కొట్టి, నిద్రపోతున్ననని పోయిందంట. నాకది కూడ తెల్వదు. లేచి చూస్తే గడియ పెట్టినట్టే ఉన్నది. కని గడప లోపల నా చెప్పులు తడిసి ఉన్నయ్. వాటికి ఎర్రమన్ను. మా సెంటరు కాడ మన్ను నలుపు. ఎర్రమన్ను ఊటగుంపు ఊరి దారిల ఉంటది.

మర్నాడు రిజిస్టరు తీసిన. పదిహేడో తారీకు కింద, "ఊటగుంపు, అయిదుగురు పిల్లలు, ట్రిపుల్ టీకా" అని ఉంది. రాత నాదే. సున్న తర్వాత కొంచెం జాగ వదులుత కద నేను, అది కూడ అట్లనే ఉంది. ఫ్లాస్కుల అయిదు డోసులు తక్కువున్నయ్.

ఊటగుంపుకు ఉరికిన. అయిదుగురు పిల్లలకు తొడలు వాచి ఉన్నయ్, సూది పడ్డ చోట. తల్లులు చెప్పిన్రు. "నువ్వే వస్తివి. జావ ఇస్తే తాగలే. పిల్ల ఏడుస్తే బుజ్జగించలే. సూదేసి లేచి పోతివి. ఎనక నుంచి పిలిస్తే తిరగలే." ఒకామె ఇంకో మాట అన్నది. "నీ దగ్గర ఎప్పుడు సబ్బు వాసనొస్తది సిస్టరమ్మా. ఆరోజు ఏ వాసన రాలే."

పున్నమ్మకు చెప్పిన. ఆమె నా కాళ్ళు ముట్టి చూసింది. "నువ్వు నడిచిన నడక నువ్వు పండుకున్నంక కూడ ఆగలేదు" అన్నది. ఆమె మాటకు అర్థం అడగబుద్ధి కాలేదు.

నాకు భయమైతున్నది అన్నా. నువ్వొకసారి వచ్చి పో.

జోజమ్మ

*

కొత్తగూడెం
5-9-1987

జోజమ్మా,

నీ ఉత్తరం చదివి నాకు కోపమొచ్చింది. దాయకుండ చెప్తున్న. ఊరికి పోకుండనే పోయినట్టు రాసుకున్నవు, ఎవరో అడిగేసరికి భయపడి ఈ కథ అల్లినవు. నిజమా కాదా? మన నాయిన ముప్పై ఏండ్లు చర్చి గంట కొట్టిండు. ఒక్కనాడు యాళ తప్పలేదు. అసొంటి మనిషి బిడ్డవు.

లేకుంటే ఎవరో నీ తాళంచెవి దొరకబుచ్చుకొని మందులు వాడుతున్నరు. ఏదైనా గని, డాక్టరు ముందర ఈ మాట తియ్యకు. నౌకరి పోతది. "అలిసిపోయిన" అని అస్సలే అనకు, ఆడోళ్ళకు అడివి డ్యూటీ ఎందుకని అంటరు.

దసరా సెలవులల్ల ఇరవై ఎనిమిదో తారీకు మేం ముగ్గురం వస్తం. పదింటి బస్సు. క్రాస్‌రోడ్డు కాడ నిలబడు. అన్ని కూర్చొని మాట్లాడుకుందం. మీ వదిన మామిడికాయ తొక్కు పెట్టింది, తెస్తది.

అన్న

*

19-9-1987

ఆంథోని గారికి,

పని బాగ నడుస్తున్నది. పదకొండు ఊళ్ళు అయినయ్. మళ్ళ మొదటి ఊరు నుంచి అయితున్నయ్. ఆకలి లేదు. కాళ్ళ నొప్పి లేదు. దసరాకు రావద్దు. వచ్చినా నేను కూర్చొని మాట్లాడేది ఉండదు. నేను నడుస్తుంట.

జోజమ్మ

*

కొత్తగూడెం
29-9-1987

చెల్లెకు అన్న దీవెనలు.

నా మీద అలక పోలేదన్నట్టు. "ఆంథోని గారికి" అని రాస్తవా? చదివి మీ వదిన నవ్విందే నవ్వుడు. నేను కోపంల నాలుగు మాటలన్న, మనసుల పెట్టుకోకు. నువ్వు రావద్దన్నవు కనుక నిన్న మేం రాలేదు. నీకు పని జోరుగ ఉన్నదని, వంట్లె బాగున్నదని సంతోషపడ్డం. నేను కూడ ఆ సెలవు రద్దు చేసుకొని డబల్ చేసిన.

ఒక్కటే. రాత వాలిపోయి ఉంది, గాలికి వరి వాలినట్టు. నిలబడి రాసినవా?

రోజీ అత్తమ్మకని ఒక బొమ్మ గీసింది, ఇందుల పెట్టిన. నీకు నాలుగు కాళ్ళెందుకు గీసినవంటే, జల్దీ నడుస్తది కద అన్నది.

అన్న ఆంథోని

*

ఎర్రవాగు
6-10-1987

అన్నా,

నేను నీకు ఉత్తరం రాయలేదు.

ఇరవై ఎనిమిదో తారీకు పొద్దున తొమ్మిదింటి నుంచి క్రాస్‌రోడ్డు కాడ నిలబడ్డ. పదింటి బస్సు పోయింది. పన్నెండు బస్సు పోయింది. మూడింటి బస్సు కూడ చూసిన. రోజీకని కొన్న సీతాఫలాలు చేతిల మెత్తబడ్డయ్. నా మీద కోపంతోటి రాలేదనుకొని ఏడ్చుకుంట ఇంటికొచ్చిన. ఇయ్యాల నీ ఉత్తరం చదివి ఉరికి పెట్టె తెరిచిన.

నా పెట్టెల రెండు ఇన్‌లాండు కవర్లుండె. ఇప్పుడొక్కటే ఉంది.

ఆ ఉత్తరం నాకు పంపు. చూస్త.

జోజమ్మ

*

ఎర్రవాగు
21-11-1987

అన్నా,

నువ్వు ఉత్తరం పంపలేదు, జవాబు కూడ రాయలేదు. నమ్మలేదనుకుంట. నమ్మకున్నా సరే, ఇది మాత్రం నీకు చెప్పాలె.

పోయిన సోమవారం తండాల బిచ్యా పెండ్లానికి నొప్పులొచ్చినయ్. మంగ్లీ అని, ఇరవై ఏండ్ల పిల్ల, తొలిచూలు. నెల ముందే వచ్చినయ్. బిచ్యా నాకోసం ఉరికొచ్చిండు. మధ్యాహ్నం పన్నెండు. టేకు చెట్ల నడుమ దారిల నేను ముందు పోతున్న. తెల్లచీర, ఎడమ భుజాన సంచి, చేతిల ఫ్లాస్కు. "సిస్టరమ్మా" అని అరిచిండు. నేను తిరగలేదు. ఆయన ఉరికిండు. అడివిల కుందేలును తరిమి పట్టే మనిషి అన్నా, నడిచే ఆడమనిషిని అందుకోలేకపోయిండు. పిలుచుకుంట, ఉరుక్కుంట గుట్ట అవతలి దాక పోయిండు. అక్కడ ఎవ్వరు లేరు. రెండు గంటలు పోయినయ్.

ఆ రెండు గంటలు నేను బండలగుంపుల చెట్టు కింద కూర్చొని మాత్రలు పంచుతున్న. ఇరవై మంది చూసిన్రు. తండా నుంచి అక్కడికి పావు గంట దారి.

ఎవరో చెప్తే నేను పోయేసరికి పున్నమ్మ అక్కడున్నది. మంగ్లీకి నెత్తురు ఆగలేదు. మంచం మీద మోసుకపోయి, జీపు పట్టుకొని భద్రాచలం దవాఖానాకు చేర్చినం. మంగ్లీ బతికింది. ఆడపిల్ల తండాలనే పుట్టింది, ఏడవలేదు. నేను నోట్లె నోరు పెట్టి ఊదిన. గంట ముందొస్తే ఏడ్చేదేమో.

బిచ్యా నన్ను తిట్టలేదు. "ఒక్కపాలి ఎనక్కి చూస్తే అయిపోతుండె కద" అన్నడు.

నేను కాదని ఎట్ల అనాలె? చీర నాది, సంచి నాది. ఆ నడక కూడ నేను నేర్పిందే. ఎవరు పిలిచినా వినపడనంత జోరుగ నడుసుడు నాకు జూన్ నెల నుంచి అలవాటు. మీకు గొప్పగ రాసుకున్న కద.

జోజమ్మ

*

కొత్తగూడెం
8-12-1987

చెల్లే,

మొన్న నేను వచ్చి రెండు రోజులుండి పోయిన. ఉన్నప్పుడు చెప్పలేని మాట ఒకటుంది. ఎదురుంగ చెప్తే నువ్వు బెదురుతవని ఆగిన. ఇప్పుడు రాయకపోతే నాకు నిద్ర పడుతలేదు.

ఆరోజు పదింటి బస్సు దిగిన. సెంటరు దారి పట్టి అర మైలు నడిచిననో లేదో, ముందర నువ్వు కనపడ్డవు. తెల్లచీర, సంచి, ఫ్లాస్కు. నాకోసం ఎదురొచ్చి, చూసి చూసి తిరిగి పోతున్నవనుకున్న. పిలిచిన. బాయిల బొగ్గు మోసే టబ్బుల చప్పుడుల కూడ వినపడే గొంతు నాది. నువ్వు ఆగలే. ఉరికిన. ఎంత ఉరికినా మన నడుమ దూరం ఒక్క అడుగు తగ్గలేదు. అది ఉరుకుతలేదు చెల్లే, నడుస్తనే ఉంది.

వాగు కాడ బురద ఉన్నది. వంగి చూసిన. అడుగులున్నయ్, నీ చెప్పులే. కని అన్ని ముందటి భాగమే దిగినయ్. మడమ ఒక్క కాడ కూడ పడలేదు. తలెత్తేసరికి టేకు చెట్లల్లకు మళ్ళింది.

నేను సెంటరుకొస్తే నువ్వు ఆకుపచ్చ చీర కట్టుకొని అరుగు మీద బియ్యంల రాళ్ళు ఏరుతున్నవు. పున్నమ్మ నీ తలకు నూనె పెడుతున్నది. పొద్దటి నుంచి ఆడనే ఉన్నవంట. ఎందుకట్ల రొప్పుతున్నవని అడిగితివి. వయసైపోయిందన్న. పున్నమ్మ మాత్రం నా దిక్కు చూసి, "కనపడ్డదా" అని మెల్లగ అడిగింది. అవ్ అన్న.

నీ మీద అబద్ధం మోపిన. మాఫ్ చెయ్. ఆ ఉత్తరం నా దగ్గర లేదు. నీ అక్టోబరు ఉత్తరం వచ్చిన్నాడే ఆరోగ్యం దాన్ని పొయ్యిల వేసింది. ఏం రాయాల్నో తెల్వక నీకు జవాబు కూడ రాయలేదు.

నౌకరి విడిచిపెట్టి వచ్చెయ్. రెండు ముద్దలు తినంగ మిగుల్తది మా ఇంట్ల.

అన్న

*

ఎర్రవాగు
30-12-1987

ప్రేమగల అన్నకు,

నువ్వు చెప్పకున్నా నాకు తెలిసింది. నీ మొకం తెల్లబడి ఉండె.

నేను రాను అన్నా. వస్తే అది ఒక్కతే ఇక్కడ తిరుగుతది. మళ్ళ బిచ్యా లెక్క ఎవరన్న దాని ఎనక ఉరుకుతడు.

ఏం చేస్తున్ననో చెప్త. ముందు రిజిస్టరు ముందరేసుకొని, నేను పోయినట్టు యాదికి రాని పద్దులన్ని కొట్టేసిన. ముప్పై ఒకటున్నయ్. ప్రతి ఇంటికి మళ్ళ పోయిన. పిల్లల తొడలు చూసి, తల్లులను అడిగి, పడ్డది పడ్డట్టు లేనిది లేనట్టు రాసిన. తర్వాత డాక్టరు కాడికి పోయి కాగితం ఇచ్చిన. రోజుకు రెండు ఊళ్ళే చూస్త, కాన్పు చేసిన మర్నాడు నడవను, అయిదు ఊళ్ళు వేరేవాళ్ళకు ఇయ్యున్రి అని.

"మిగతా నర్సులు చేస్తలేరా?" అన్నడు.

"చేస్తున్రు సార్. వాళ్ళను కూడ అడగున్రి, ఏమన్న కనపడుతున్నదా అని" అన్న.

ఆయన పెన్ను మూత తీసిండు. మెమో ఇచ్చిండు. తీసుకున్న. బదిలీ చేస్తనన్నడు. సరే సార్, ఎక్కడ వేసినా రెండు ఊళ్ళే అన్న. మూడు ఊళ్ళు మాత్రం మగ వర్కరుకు ఇచ్చిండు. రెండు నా మీదనే ఉన్నయ్. వాటికి పదిహేను రోజులకొకసారి పోత. అంతకంటె కాదు.

ఇప్పుడు పున్నమ్మతోటే నడుస్తున్న. ఆమె నిలబడితే నిలబడుత. మాట్లాడుకుంట నడవలేకపోతే అది నడక కాదంటది ఆమె. మొదట్ల నాకు ఒళ్ళంత చీమలు పాకినట్టుండేది, కాళ్ళు ముందుకు గుంజేవి. ఆ గుంజుడు నాకు భయమైంది. కూర్చుంటే తగ్గేది. ఒకరోజు ఊటగుంపుల జావ తాగి గోడకు ఒరిగి గంటసేపు నిద్రపోయిన. ఎవ్వరు లేపలేదు.

తండాకు మూడుసార్లు పోయిన. బిచ్యా ఇంట్లకు పోయి కూర్చోలేదు, బయటనే నిలబడి వచ్చిన. మూడోసారి మంగ్లీ చెంబుతోటి నీళ్ళిచ్చింది. తాగి చెంబు ఆమె చేతికిచ్చిన.

మొన్న పండుగ మర్నాడు మళ్ళ కనపడ్డది. పట్టపగలు. మా ఇద్దరి ముందర, నూరు గజాల దూరంల. నా భుజాలు, నా వీపు. పున్నమ్మ నా చెయ్యి పట్టుకున్నది. "పిలవనా" అన్న. "ఏమని పిలుస్తవ్? నీ పేరు నీ కాడ ఉండని" అన్నది. మేం చెట్టు కింద కూర్చున్నం. అది పోయింది. దానికి చేరే ఊరు లేదన్నా. చూస్తే జాలైంది.

నువ్వు డబల్ డ్యూటీలు ఎప్పుడు ఆపుతవ్?

చెల్లె
జోజమ్మ

*

కొత్తగూడెం
18-1-1988

చెల్లెకు,

నీ ఆఖరి మాటకు మొదట కోపమొచ్చింది. మగోళ్ళ కష్టం వేరే అని రాద్దామని కాగితం తీసిన. రాయలేదు. మంచిదైంది.

పోయిన గురువారం మొదటి షిఫ్టు చేసి, ఇంకో షిఫ్టుకు దిగుదామని లైట్ల రూముకు పోయిన. నా టోపీ లైటు కోసం చెయ్యి చాపిన. అక్కడ తుల్సీరాం అని పదిహేనేండ్ల నుంచి నన్నెరిగిన మనిషి. ఆయన తలెత్తకుండనే, "ఆంథోనీ, ఇప్పుడే తీసుకపోతివి కద" అన్నడు. నా కొక్కెం ఖాళీగ ఉన్నది. "ఎవరికిచ్చినవ్" అన్న. అప్పుడు తలెత్తిండు. నన్ను చూసిండు, దిగే దారి దిక్కు చూసిండు.

నేను ఎనక్కి తిరిగి ఇంటికొచ్చిన. చెప్పులు విడిచి మట్టి మీద నడిచిన, మడమలు దిగుతున్నయా లేదా అని చూసుకుంట. దిగినయ్.

మర్నాడు పోతే లైటు కొక్కేనికి ఉన్నది, షిఫ్టంత వాడినట్టు చార్జింగు అయిపోయి. మస్టర్‌ల నాకు రెండు షిఫ్టుల హాజరు పడ్డది. రెండోది కొట్టెయ్యమన్న. గుమాస్తా నవ్విండు, "పడ్డదాన్ని వద్దనేటోన్ని నిన్నే చూసిన" అన్నడు. కొట్టేసేదాక అక్కడనే నిలబడ్డ. డబల్ డ్యూటీ లిస్టుల నా పేరు తీసెయ్యమని కాగితం ఇచ్చిన.

ఇయ్యాల ఆదివారం కాదు, పండుగ కాదు. నాకు రావాల్సిన సెలవు తీసుకొని ఇంట్ల ఉన్న. ఏండ్ల తర్వాత పూజకు కాకుండ ఊకె ఇంట్ల కూర్చున్న. మీ వదినకు నా వాలకం అర్థం కాక రెండుసార్లు నొసలు ముట్టి చూసింది. పొద్దున బాయి సైరను మోగింది. రోడ్డు మీద షిఫ్టుకు పోయేటోళ్ళ చెప్పుల చప్పుడు. రోజీ కిటికీ పట్టుకొని నిలబడి చూస్తున్నది.

"నాయినా, అదిగో నువ్వు పోతున్నవ్" అన్నది.

ఆరోగ్యం చేతిల గిన్నె అట్లనే ఆగింది. నేను లేవలేదు చెల్లే. చూడలేదు. పిల్లను పిలిచి ముందర కూర్చోబెట్టుకున్న. బడికి యాళయితున్నది, జడ వేస్త దా అన్న. నాకు జడ వేసుడు రాదు. మూడుసార్లు ఊడదీసి మళ్ళ అల్లిన. ఆఖరుకు కొంచెం వంకరగ కుదిరింది. చప్పుడు పోయేదాక పిల్ల నెత్తి మీది నుంచి చెయ్యి తియ్యలేదు.

మీ అన్న
ఆంథోని